1929కి ముందు గోల్స్ లేవా?

ఈమధ్య ఒక క్రీడా ప్రత్యేక సంచిక చేతికొచ్చింది. ఇటలీ ఫుట్‌బాల్ క్లబ్బు జువెంటస్ గోల్ వీరుల పుటలో, 2019-20లో రొనాల్డో కొట్టిన 31 గోల్స్‌కు నిలువెత్తు ఫొటోతో చోటు దొరికింది. 1925-26లో 26 మ్యాచ్‌లలోనే 35 కొట్టిన హంగరీ కుర్రాడు ఫెరెంట్స్ హిర్జర్‌కు ఒక్క పంక్తి లేదు. అడిగితే జవాబు సిద్ధం: ఇటలీ లీగ్ సెరీ ఎ 1929లో మొదలైంది, అంతకుముందువి లెక్కలోకి రావు. నన్నయకు ముందున్నదంతా ప్రాఙ్నన్నయ యుగమనే అర్రలోకి తోసి తలుపేసుకున్న మనకు ఈ తర్కం కొత్తేమీ కాదు.

అప్పటి పోటీలు గ్రూపులుగా సాగేవి, అందులో బలహీన జట్లూ ఉండేవి, నిజమే. మరి 1925-26లో జువెంటస్ గెలిచిన టైటిల్‌ను క్లబ్బు తన ఖాతాలోంచి ఎందుకు తీసెయ్యదు? కప్పు లెక్కకొస్తుంది, దాన్ని తెచ్చిన గోల్స్ రావా?

ఆ కప్పు ఎలా వచ్చిందో కాస్త చూడండి. కోచ్ యెనో కారోయ్ హంగేరియన్. జట్టులో యోజెఫ్ వియోలా హంగేరియన్. ముందు వరుసలో హిర్జర్. అతని పరుగు చూసి ఇటలీ వాళ్లు జింక అని పేరు పెట్టారు. ఉత్తర విభాగం ఫైనల్లో బొలోన్యాతో రెండు ఆటలు ఆడినా తేలలేదు. 1926 జులై 28న కారోయ్ గుండె ఆగి పోయాడు. ఆగస్టు 1న మిలాన్‌లో అతని కుర్రాళ్లు మూడో ఆట 2-1తో గెలిచారు. మరునాడే ఇటలీ ఫుట్‌బాల్ కొత్త నిబంధనల వియారెజ్జో పత్రం వెలువడింది: ఇకమీదట పరదేశీ ఆటగాళ్లు వద్దు! ఉన్నవాళ్లకు ఒక్క సీజన్ గడువు, అదీ మైదానంలోకి జట్టుకు ఒక్కరే. వేటు ఎక్కువగా పడింది హంగరీ, ఆస్ట్రియా వాళ్ల మీదే.

పోనీ, ముస్సోలినీ కాలపు ఆ నియమానికైనా ఇటలీ వాళ్లు కట్టుబడ్డారా? 1928లో అర్జెంటీనా నుంచి రైముండో ఓర్సీని ఇదే జువెంటస్ రప్పించుకుంది. పెద్దలు ఇటలీ వాళ్లు కనుక అతడు పరాయివాడు కాడట! 1934 ప్రపంచ కప్ ఫైనల్లో ఇటలీ ఓడిపోతుంటే స్కోరు సమం చేసింది ఆ ఓర్సీయే. కావలసింది కాళ్లు, చూసింది రక్తం. ఆ రక్తం లెక్కే 1938లో జాతి చట్టాలై, బొలోన్యాకు రెండు టైటిళ్లు తెచ్చిన హంగరీ యూదు కోచ్ ఆర్పాడ్ వైస్‌ను దేశం నుంచి వెళ్లగొట్టింది. అతడు 1944లో ఆష్విట్జ్‌లో చనిపోయాడు.

బంతాట గొడవ సాహిత్య పత్రికకెందుకంటారా? పేర్లు కొట్టేసే పని ఎక్కడ జరిగినా అది మా పేటే.

హిర్జర్ గడువు సీజన్ ఆడి బుడాపెస్ట్ వెళ్లిపోయాడు. జువెంటస్‌కు మొత్తం 43 మ్యాచ్‌లలో 50 గోల్స్ ఇచ్చాడు. ఆ తర్వాత కోచ్‌గా మళ్లీ ఇటలీకే వచ్చాడు. వచ్చే సంచికలోనైనా ఆ 35 వేయండి. పక్కన ఎన్ని చుక్కలు పెట్టుకుంటారో మీ ఇష్టం.