న్యూ సెటిల్‌మెంట్‌లో గ్రీకువీరుడు

ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్‌లో రైల్వే క్వార్టర్ల వెనక ఒక రేకుల షెడ్డు. సాయంత్రం ఆరున్నర. లోపల రెండు ట్యూబ్‌లైట్లు, తుప్పుపట్టిన ఇనుప ప్లేట్లు, అడ్డంగా పగిలిన నిలువుటద్దం. తలుపు మీద ఆంజనేయస్వామి పటం, అద్దం పక్కన ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ పోస్టర్. ఇరవై రెండేళ్ల కుర్రాడొకడు చిన్న నిక్కరు మీద అద్దం ముందు నిలబడి, బరువంతా కుడికాలి మీద వేసి, ఎడమ మోకాలు కొద్దిగా వంచి, నడుము ఓ పక్కకు తిప్పి ఊపిరి బిగబట్టాడు. ఎల్లుండి పోటీ. నిన్నటి నుంచి మంచినీళ్లు దాదాపు మానేశాడు. ఒంట్లో నీరు తగ్గితే నరాలు, కండలు తేలి కనిపిస్తాయని అతని నమ్మకం.

అలాగే ఎందుకు నిలబడ్డావని అడిగితే, "అందరూ అలాగే నిలబడతారు కదండీ" అన్నాడు.

ఆ 'అందరి' వరస చాలా వెనక్కి వెళ్తుంది. క్రీస్తుపూర్వం అయిదో శతాబ్దంలో పోలిక్లైటస్ అనే గ్రీకు శిల్పి ఈటె పట్టిన యువకుణ్ణి కంచులో పోతపోశాడు. ఒంటి మీద నూలుపోగు లేదు. బరువు ఒక కాలి మీద, రెండోది కాస్త సడలి ఉంటుంది. పురుష దేహానికి ఏ కొలత ఎంత ఉండాలో చెబుతూ ఆయన గ్రంథమే రాశాడు. అదీ, అసలు విగ్రహమూ మిగల్లేదు కానీ రోమన్లు చెక్కించుకున్న పాలరాతి నకళ్లు మిగిలాయి. గ్రీకులకు నగ్నత్వం సిగ్గుపడాల్సిన విషయం కాదు, పౌరుడి యోగ్యతాపత్రం. మనం రోజూ వాడే 'జిమ్' అన్న మాటకు మూలం గ్రీకులో 'నగ్నం' అనే పదమే. బట్టల్లేకుండా కసరత్తు చేసే చోటు జిమ్నాసియం.

ఫ్లారెన్స్‌లో మైకెలాంజెలో 1501-04 మధ్య చెక్కిన డేవిడ్ ఆ వారసుడే. అయిదు మీటర్లు దాటిన ఎత్తు, ఒంటికాలి మీద అదే భారం. దాని ప్లాస్టర్ నకలు ఒకటి 1857లో విక్టోరియా రాణికి కానుకగా లండన్ చేరింది. ఆ నగ్నత్వం చూసి రాణి నివ్వెరపోయారని చెబుతారు. రాజకుటుంబ స్త్రీలు మ్యూజియానికి వచ్చినప్పుడల్లా తగిలించడానికి ప్లాస్టర్‌తో ఒక అంజూరపు ఆకు తయారుచేయించారు. వాళ్లు వెళ్లగానే తీసేసేవారు.

ఆ ఆకు కట్టుకునే మన దేశానికి వచ్చాడు గ్రీకువీరుడు. ప్రష్యాలో పుట్టిన యూజిన్ శాండో బరువులెత్తే గారడీతో మొదలై, జనం చూస్తున్నది బరువును కాదు తన ఒంటిని అని కనిపెట్టాడు. ఒళ్లంతా తెల్లపొడి పూసుకుని పాలరాతి విగ్రహంలా వేదిక మీద కదలకుండా నిలబడేవాడు. అంజూరపు ఆకు ఒక్కటే అడ్డుగా దిగిన ఫోటోలు వేలల్లో అమ్ముడయ్యాయి. 1901లో లండన్ ఆల్బర్ట్ హాల్‌లో అతను జరిపిన దేహ సౌష్ఠవ పోటీకి తనతోపాటు న్యాయనిర్ణేతలుగా కూర్చున్నది షెర్లాక్ హోమ్స్ సృష్టికర్త కోనన్ డాయల్, చార్లెస్ లాస్ అనే శిల్పి. మనిషి ఒంటికి మార్కులు వేయడానికి శిల్పిని పిలిచారంటే లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. అదే ఏడాది లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం అతని ఒంటికి ప్లాస్టర్ అచ్చు తీయించింది, యూరోపియన్ పురుషుడికి నమూనాగా. పాలించే జాతి ఒళ్లు ఇలా ఉంటుందని చెప్పుకోవడం అన్నమాట.

1904-05లో శాండో భారతదేశం పర్యటించాడు. 'బలహీనులు' అని తెల్లవాళ్లు ఎగతాళి చేసే బెంగాలీలు అప్పటికే అఖాడాలు పెట్టి కసి మీద ఉన్నారు. ఆ వరసలోనే మనోతోష్ రాయ్ 1951లో, నాలుగడుగుల పదకొండంగుళాల మనోహర్ ఐచ్ 1952లో మిస్టర్ యూనివర్స్ టైటిళ్లు గెలిచారు. చేతుల్లేని బనీనును మనం ఇప్పటికీ 'శాండో' అనే అంటాం. న్యూ సెటిల్‌మెంట్‌లో దండేల మీద ఆరేసిన వాటిని లెక్కపెడితే అతని కీర్తి ఎంతటిదో తెలుస్తుంది.

తెలుగువాళ్లు పంపిన జవాబు వేరు. వీరఘట్టంలో (ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లా) పుట్టిన కోడి రామ్మూర్తి నాయుణ్ణి 'ఇండియన్ హెర్క్యులిస్' అన్నారు, 'కలియుగ భీముడు' అన్నారు. ఆయన నిలబడి చూపించలేదు, చేసి చూపించాడు. ఇనుప గొలుసులు తెంపాడు, కదిలే కారును ఆపాడు, గుండెల మీద ఏనుగును నిలబెట్టుకున్నాడు. ఒంటి అందం అక్కడ ప్రస్తావనకే రాదు. బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే ఖరగ్‌పూర్‌కు తెచ్చుకున్న తెలుగువాళ్లు ఎక్కువగా ఆ ఉత్తరాంధ్ర వాళ్లే. ఇంజిన్లు విప్పి బిగించే వర్క్‌షాపుకు కావాల్సిందీ చేసే ఒళ్లే, చూపించే ఒళ్లు కాదు.

షెడ్డు నడిపే మాస్టారిది ఇప్పటికీ అదే మాట. వర్క్‌షాపులో రిటైరయ్యారు. "ఏటి బాబూ ఈ అద్దాలు? మా రోజుల్లో ఎత్తగలిగేవా, లేవా, అంతే లెక్క. అద్దం ఆడోళ్లది."

అద్దం ఆడవాళ్లదన్న మాటలో పడమటి చిత్రకళ చరిత్ర సగం ఉందని మాస్టారికి తెలీదు. పంతొమ్మిదో శతాబ్దంలో మగవాడు నల్లకోటు తొడుక్కుని చూసేవాడయ్యాడు. కాన్వాస్ మీద బట్టల్లేకుండా మిగిలింది ఎక్కువగా స్త్రీయే. మగ ఒంటిని బొమ్మగీసే విద్య కూడా కాపలా మధ్యే సాగింది. విద్యార్థినులున్న క్లాసులో మగ మోడల్ గోచీ తీయించినందుకు ఫిలడెల్ఫియా అకాడమీలో థామస్ ఈకిన్స్ అంతటి చిత్రకారుడు 1886లో ఉద్యోగం వదులుకోవాల్సి వచ్చింది. 1976లో న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో ష్వార్జ్‌నెగర్‌నూ మరి ఇద్దరినీ తిరిగే వేదిక మీద నిలబెట్టి, కళా పండితులతో వ్యాఖ్యానం చెప్పించారు. జనం విరగబడి వచ్చారు. అయినా భయం పోలేదు. 2012లో వియన్నాలోని లియోపోల్డ్ మ్యూజియం 'నగ్న పురుషులు' పేరుతో ప్రదర్శన పెట్టి, ముగ్గురు ఫుట్‌బాల్ ఆటగాళ్ల నగ్న చిత్రాన్ని ఊరంతా అతికిస్తే గొడవయింది. చివరికి పోస్టర్ల మీద ఎర్ర పట్టీలు అంటించారు. లండన్ అంజూరపు ఆకు వియన్నాలో టేపుగా మారింది, అంతే తేడా. స్త్రీల నగ్న చిత్రాలు మ్యూజియం గోడల నిండా ఉండగా రాని అభ్యంతరం మగవాడి దగ్గరే ఎందుకు వచ్చింది? చూడబడటం లొంగిపోవడమేనన్న అనుమానం వల్లనే అనుకుంటాను.

మన దగ్గర ఈ పేచీ ఇలా లేదు. తిరుపతి జిల్లా గుడిమల్లంలో, క్రీస్తుపూర్వం నాటిదని చాలామంది చరిత్రకారులు చెప్పే లింగం మీద శివుడు పలుచని వస్త్రంలోంచి ఒళ్లంతా కనిపించేలా నిలబడి ఉంటాడు. దండం పెట్టుకునేవాళ్లు తప్ప ముఖం తిప్పుకునేవాళ్లు లేరు. శ్రవణబెళగొళ గోమటేశ్వరుడి నగ్నత్వం మరోటి. అన్నను గెలిచి, గెలిచిన రాజ్యాన్నీ, కట్టుకున్న బట్టనూ వదిలేసి, తీగలు పాకేదాకా కదలకుండా నిలబడిన బాహుబలి ఆయన. 2015లో మన సినిమావాళ్లు ఆ పేరు తీసుకుని, శివలింగాన్ని భుజాన మోసే కండల వీరుణ్ణి చేశారు. ఎన్టీఆర్ బొజ్జతోనే రాముడిగా, కృష్ణుడిగా చెల్లారు. 2007లో 'దేశముదురు'తో అల్లు అర్జున్ సిక్స్‌ప్యాక్ చూపించాక మన హీరోలకు చొక్కా విప్పడం ఒక పరీక్ష అయింది. ఇలా పోలిక్లైటస్ ఫిల్మ్‌నగర్ మీదుగా ఖరగ్‌పూర్ చేరాడు.

కుర్రాడి ఇంట్లో హనుమంతుడు చొక్కా లేకుండానే ఉన్నాడు. కిందటేడు పోటీలో దిగిన ఫోటోను మాత్రం వాళ్ల నాన్న గోడకు తగిలించనివ్వలేదట. "చుట్టాలొస్తే ఏం చెప్పుకుంటాం రా" అన్నారట. లోకోషెడ్‌లో పనిచేసే ఆయనకు కొడుకు ఒంటి మీద వేరే ఆశ ఉంది. రైల్వే లెవెల్-1 ఉద్యోగానికి 35 కిలోల బరువును కింద దించకుండా రెండు నిమిషాల్లో వంద మీటర్లు మోయాలి, వెయ్యి మీటర్లు నాలుగు నిమిషాల పదిహేను సెకన్లలో పరుగెత్తాలి. ఉద్యోగం ఇచ్చేది ఆ కొలతలే, అద్దంలోవి కావు.

మాస్టారితోనూ, నాన్నతోనూ నాకు పూర్తిగా ఏకీభావం లేదు. వర్క్‌షాపులో ముప్ఫై అయిదేళ్లు అరిగిన ఒంటిని ఎవరైనా ఒక్కసారి తేరిపార చూశారా? తనను నలుగురూ చూడాలని కోరుకోవడంలో ఈ కుర్రాడి తప్పేమీ కనిపించదు. ఇబ్బందల్లా అతను పోటీపడుతున్నది రాతితో. పాలరాయికి దాహం వెయ్యదు.

ఫోజు వదిలి బెంచీ మీద కూలబడ్డాడు. పెదాలు ఎండి తెల్లగా ఉన్నాయి. మాస్టారు ఏమీ అనకుండా కుండలోంచి గ్లాసుతో నీళ్లు ముంచి ఇచ్చారు. కుర్రాడు ఒక్క గుక్క నోట్లో పోసుకుని, పుక్కిలించి, బయటికి వెళ్లి ఉమ్మేసి వచ్చి మళ్లీ అద్దం ముందు నిలబడ్డాడు.