గునాహ్ వేరు, జుర్మ్ వేరు

2023 మే నెల. నైట్ డెస్క్‌లో కూర్చుని ఢిల్లీ వార్త తెలుగు చేస్తున్నాను. ఆడా ఆడా, మగా మగా పెళ్లి చేసుకునే హక్కు గురించి సుప్రీంకోర్టులో కేసు నడుస్తోంది. ఆ కేసు వేసిన మొదటి జంట మన హైదరాబాద్‌ వాళ్లే. కేంద్రం రాష్ట్రాల రాయ్ అడిగితే ఏడు రాష్ట్రాలు జవాబిచ్చాయి. నాలుగు రాష్ట్రాలు గడువు కావాలన్నాయి. మూడు మాత్రం సాఫ్‌గా వద్దన్నాయి: అస్సాం, రాజస్థాన్, ఆంధ్రప్రదేశ్.

ఆ మూడు పేర్లు చూసి నవ్వొచ్చింది. అప్పటికి అస్సాంలో బీజేపీ, రాజస్థాన్‌లో కాంగ్రెస్, మా ఆంధ్రలో వైసీపీ. బయట ఒకరి గల్లా ఒకరు పట్టుకునేవాళ్లు ఈ ఒక్క మసలాలో ఒకే సఫ్‌లో భుజానికి భుజం ఆనించి నిలబడ్డారు. (వైసీపీ ఢిల్లీలో ఎవరి గల్లా పట్టుకుందిలే అంటారా, అది వేరే కథ.)

మా హుకూమత్ చెప్పిన కారణం వినండి. రాష్ట్రంలోని వేర్వేరు మజహబ్‌ల పెద్దల్ని సలహా అడిగిందట, అందుకే వద్దంటోందట. ఉర్దూ బడిలో టీచర్ పోస్టు ఖాళీగా ఉంటే మన పెద్దల్ని ఎవరూ అడగరు. వక్ఫ్ జమీన్ కబ్జా అయితే అడగరు. మన పిల్లగాడిని అనుమానం మీద పట్టుకుపోతే అసలే అడగరు. ఈ విషయంలో మాత్రం కుర్చీ వేసి కూర్చోబెట్టి అడిగారు. మనవాళ్లకి ఆ కుర్చీయే పెద్ద ఇజ్జత్ అయిపోయింది.

నా మాట ముందే చెప్పేస్తాను, తర్వాత ఎవరూ గిల్లకుండా. నికాహ్ అంటే మర్ద్‌కీ ఔరత్‌కీ మధ్య జరిగే అఖ్ద్. ఈజాబ్, ఖబూల్, మెహర్, ఇద్దరు గవాహ్‌లు. దాన్ని మార్చాలని నేను అనను. నా దీన్ నాకు నేర్పింది అదే. కానీ ఆ కేసులో మన నికాహ్‌ని ఎవరూ ముట్టుకోలేదు. పర్సనల్ లా జోలికి వెళ్లమని బెంచ్ మొదటి రోజుల్లోనే చెప్పేసింది. గొడవంతా 1954 నాటి స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ చుట్టూ తిరిగింది. రిజిస్ట్రార్ ఆఫీసులో సంతకాలు పెట్టుకునే పెళ్లి అది. అక్కడ ఖాజీ సాబ్‌కి పనేమిటి? అయినా జమీయత్ ఉలమా-ఎ-హింద్ వెళ్లి ఖిలాఫ్‌గా నిలబడింది.

చిన్నప్పుడు మా ఉర్దూ మీడియం స్కూల్లో దీనియాత్ చెప్పిన ఉస్తాద్ ఒక ఫరఖ్ నేర్పారు. గునాహ్ వేరు, జుర్మ్ వేరు. గునాహ్‌కి హిసాబ్ అల్లాహ్ దగ్గర. జుర్మ్‌కి హిసాబ్ థానాలో. గీబత్ గునాహ్, కానీ దానికి దఫా లేదు. ఉంటే మన దావత్‌లన్నీ లాకప్‌లోనే జరిగేవి. సూద్ హరామ్. మరి బ్యాంకు మేనేజర్‌ని జైల్లో వేయమని ఏ తంజీమ్ కోర్టుకెళ్లింది?

377కి మాత్రం వెళ్లాం. 2009 జులైలో నాజ్ ఫౌండేషన్ కేసులో ఢిల్లీ హైకోర్టు, ఇష్టపడ్డ ఇద్దరు పెద్దవాళ్ల మధ్య జరిగేది జుర్మ్ కాదంది. దాని మీద సుప్రీంకోర్టుకి వెళ్లినవాళ్లలో ఒక జ్యోతిష్యుడు ఉన్నాడు, చర్చివాళ్లు ఉన్నారు, మన ముస్లిం పర్సనల్ లా బోర్డు ఉంది. దేన్ని కాపాడటానికి? 1860లో అంగ్రేజులు రాసిన తాజీరాత్-ఎ-హింద్‌లోని ఒక దఫాని. అదేమీ శరియత్ నుంచి వచ్చింది కాదు. ఉస్మానీ సల్తనత్ 1858లో రాసుకున్న తాజీరాత్‌లో అలాంటి దఫా లేనే లేదు. ఖలీఫాకి అవసరం పడని దఫా మనకి మెకాలే దగ్గర దొరికిందన్నమాట.

ఇక పార్టీల సంగతి. 2009 కేసులో కేంద్ర హోం శాఖ 377 ఉండాలంది, ఆరోగ్య శాఖ వద్దంది. ఒకే యూపీఏ హుకూమత్, రెండు అఫిడవిట్లు. 2013 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు 377ని తిరిగి బతికించగానే సోనియా గాంధీ బాధపడ్డారు. బీజేపీ అధ్యక్షుడు రాజ్‌నాథ్ సింగ్ ఇది గైర్ ఫిత్రీ, సమర్థించలేం అన్నారు. 2015లో అదే పార్టీ అరుణ్ జైట్లీ కోర్టు మళ్లీ ఆలోచించాలన్నారు. ఆ డిసెంబర్‌లోనే శశి థరూర్ లోక్‌సభలో సవరణ బిల్లు పెట్టబోతే, ప్రవేశపెట్టడానికే 71 మంది వద్దన్నారు, 24 మంది సరే అన్నారు. అప్పుడు సభలో కాంగ్రెస్ బలమే 45. మిగతావాళ్లు ఆ పూట ఏ క్యాంటీన్‌లో చాయ్ తాగుతున్నారో! 2018లో 377 పోయే వేళకి మోదీ సర్కార్ ‘కోర్టు వివేకానికి వదిలేస్తున్నాం’ అని చేతులు దులుపుకుంది. 2023లో పెళ్లి మాట రాగానే అదే సర్కార్‌కి అది ‘పట్టణాల్లోని పైవర్గాల’ ఆలోచనగా కనబడింది. అక్టోబర్ 17న కోర్టు పెళ్లి హక్కు లేదని తేల్చాక, 2024లో బ్యాంకు జాయింట్ అకౌంట్‌కి, రేషన్ కార్డులో ఒకే ఇంటివాళ్లుగా లెక్కించడానికి అడ్డు లేదని చప్పుడు లేకుండా ఉత్తర్వులు వచ్చాయి. రాజస్థాన్‌లో వద్దన్న కాంగ్రెస్ ఏడాది తిరక్కుండా సివిల్ యూనియన్ కానూన్ తెస్తామని 2024 మేనిఫెస్టోలో రాసింది. సీపీఎం 2019 మేనిఫెస్టోలోనే ఆ మాట చెప్పింది. గెలిచే ఉమ్మీద్ లేనివాళ్లకి నిజం చెప్పడం కాస్త తేలిక.

ఒవైసీ సాబ్ మాట కూడా చెప్పాలి. తీర్పు రోజు ఆయన, నా ఈమాన్, నా జమీర్ ప్రకారం పెళ్లి మర్ద్-ఔరత్ మధ్యే అన్నారు. ఇది 377 లాంటి జుర్మ్ ప్రశ్న కాదనీ అన్నారు. మనవాళ్లు మొదటి మాటకి నారాలు కొట్టారు, రెండోది ఎవరికీ గుర్తు లేదు. పార్లమెంటే తేల్చాలన్న అసూల్ నిలబడిందని కూడా ఆయన సంతోషించారు. ఇక్కడే నాకు అటక. 2019లో తలాక్ బిల్లుని తేల్చింది పార్లమెంటే కదా? 2025లో వక్ఫ్ కానూన్‌ని తేల్చింది కూడా ఆ పార్లమెంటే. దాని మీద సుప్రీంకోర్టు గుమ్మం ఎక్కింది మళ్లీ ఒవైసీ సాబే. అక్సరియత్ చేతిలో పార్లమెంటు ఉన్నప్పుడు అఖల్లియత్‌కి మిగిలేది అదాలతే. ఆ సంగతి మనకంటే ఎవరికి బాగా తెలుసు?

తలాక్ బిల్లప్పుడు మనం ఏమన్నాం? ఒకేసారి మూడు తలాక్‌లు చెప్పడం గునాహే, బిద్అతే, కానీ దానికి మూడేళ్ల జైలేమిటి, ఇంటి మామ్లాని జుర్మ్ చేయకండి అన్నాం. రోడ్ల మీదికొచ్చి అన్నాం. మన ఔరత్‌లు కూడా వచ్చారు. అది సహీ దలీల్. మన ఇంటి గుమ్మం దగ్గర సహీ అయిన దలీల్ పక్కింటి గుమ్మం దగ్గర గలత్ ఎలా అవుతుంది? ఉత్తరాఖండ్ యూసీసీ చూడండి. కలిసి బతికే ఆడా మగా సర్కార్ దగ్గర పేరు రాయించుకోవాలి, లేకపోతే సజా. ఇంట్లోకి రావచ్చని ఒకసారి పోలీసుకి దారి చూపిస్తే, వాడు ఏ ఇంటికెళ్లాలో మనల్ని అడిగి వెళ్తాడా?

ఇదంతా సియాసత్. నాకు నిద్ర పట్టనిది వేరే ఉంది.

మా ఖాందాన్‌లో ఒక అమ్మాయికి రిష్తా వచ్చింది. అబ్బాయికి మంచి ఉద్యోగం, ఐదు పూటలా నమాజ్. ‘బేటా, నువ్వు అఖ్బార్‌లో ఉన్నావు కదా, కొంచెం తహఖీఖ్ చెయ్’ అంది అమ్మీ. అబ్బాయి దోస్త్‌ని పట్టుకుని ఇరానీ హోటల్‌లో కూర్చోబెట్టాను. ‘లడ్కా బహుత్ షరీఫ్ హై భాయ్, మగర్...’ అని ఆగిపోయాడు. ఉస్మానియా బిస్కెట్ చాయ్‌లో ముంచి అక్కడే కరిగిపోయేదాకా పట్టుకున్నాడు. ఆ మగర్ నాకు అర్థమైంది. అర్థం కానట్టు బిల్లు కట్టి లేచాను. ఇంటికొచ్చి, లడ్కా షరీఫ్ అన్నాను. అంతవరకే అన్నాను.

ఎనిమిది నెలలకి అమ్మాయి పుట్టింటికి వచ్చేసింది. వచ్చాక నెల రోజులు నోరు విప్పలేదు. మొహల్లాలో ఆమెలోనే ఏదో ఖోట్ ఉందన్నారు. ఖులా అయ్యేసరికి ఆమె మెహర్ పోయింది, జహేజ్‌లో సగం పోయింది, ఇరవై మూడేళ్లకే మొహం వాడిపోయింది. అబ్బాయి నికాహ్‌కి ముందు వాళ్లమ్మీ కాళ్లు పట్టుకుని వద్దన్నాడని తర్వాత తెలిసింది. ‘షాదీ అయితే ఠీక్ అయిపోతాడు’ అన్నారట ఇంట్లో. అతను ఇప్పుడు గల్ఫ్‌లో ఉంటాడు. ఇంటికి పైసలు పంపుతాడు, ఫోన్ చేయడు.

ఆ ఇద్దరి మీదా ఏ పార్టీ మేనిఫెస్టోలోనూ ఒక్క లైను లేదు. ‘హిందుస్తానీ కుటుంబం అంటే భర్త, భార్య, పిల్లలు’ అని కేంద్రం అఫిడవిట్‌లో రాసింది. ఈ నికాహ్‌లో భర్త ఉన్నాడు, భార్య ఉంది. కుటుంబం ఏదీ?

పోయిన జుమ్మా తర్వాత మస్జిద్ మెట్ల మీద ఒక పెద్దాయన చేయి పట్టుకున్నారు. ఆయన మనవరాలికి రిష్తా వచ్చిందట, అబ్బాయిది కర్నూలే, నాకు తెలిసిన ఖాందానే, కొంచెం తహఖీఖ్ చేయమన్నారు. చేస్తానన్నాను. ఈసారి దోస్తుల్ని కాదు చాచా, అబ్బాయినే ఒంటరిగా కూర్చోబెట్టి నీకు ఈ నికాహ్ మంజూరేనా అని అడుగుతాను, వాడు వద్దంటే ఎందుకని నేనూ అడగను, మీరూ అడగకూడదు అన్నాను. ఆయన నా చేయి వదల్లేదు. చెప్పుల కోసం వెతుక్కుంటూ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.