కమాన్లు పెంచితే తాకత్ పెరుగుతుందా?

మా కుసుమంచి సెంటర్‌లో కాసేపు నిలబడి, ఖమ్మం నుంచి సూర్యాపేట పోయే పికప్ బళ్లను వెనక నుంచి చూడండి. కమాన్ కట్టకు అదనంగా రెండు పట్టీలు, ఎత్తు పెంచిన డాలా, చాసిస్ చివర వెల్డింగ్ కొట్టించిన హుక్కు. ఇట్లాంటివి చాలానే కనిపిస్తాయి. ఆ హుక్కుకు ఒకరోజు జనరేటర్, ఒకరోజు షామియానా సామాను, ఒకరోజు వలీమా దేగులు. మెకానిక్ మనోడే, డ్రైవర్ మనోడే, కిరాయికి పిలిచే ఖాందానూ మనదే. అందుకే ఈ మాట బయటోళ్లు చెప్పకముందే మనలో మనం మాట్లాడుకోవాలె.

నా భాంజా ఒకడు బొలేరో పికప్ నడుపుతాడు. అమెరికాలో మనవాళ్లు పికప్ వెనక చిన్న ఇల్లంత ట్రైలర్ తగిలించుకుని పిల్లాజెల్లాతో సఫర్ చేసే వీడియోలు చూసి వాడికి షౌక్ పుట్టింది. "మామూజాన్, నాలుగు పట్టీలు వేయించి, మంచాలు పెట్టిన ట్రాలీ ఒకటి కట్టిస్తా. జాన్‌పహాడ్ ఉర్సుకు అమ్మీనీ, ఖాలావాళ్లనూ అందులోనే తీసుకుపోతా" అన్నాడు. వాడి నీయత్ మీద నాకు షక్ లేదు. లెక్క మీదే ఉంది.

ఆ అమెరికా బండి డ్రైవర్ డోర్ పక్కన ఒక స్టిక్కర్ ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఇంతకు మించొద్దని అందులో రాసి ఉంటుంది. అక్కడా కమాన్లు బలపరుస్తారు, గాలిబుడగలు పెట్టిస్తారు. కానీ ఆ స్టిక్కర్ మీది అంకె మారదు. ఎందుకంటే కమాను ఆపేది బండి వెనక కుంగిపోవడాన్ని మాత్రమే. బ్రేకులు పాతవే, యాక్సిల్ పాతదే, టైర్లూ చాసిసూ పాతవే. మన బళ్లకూ ఆ అంకె ఉంది, ఆర్సీలో. అది చూసే ఫుర్సత్ ఎవరికుంది? పట్టీ ఎక్కించాక వెనక కుంగకపోయేసరికి బండి మోస్తున్నదనుకుంటాం, ఇంకో రెండు బస్తాలు వేస్తాం. నా ఉద్దేశంలో అసలు ఖతరా ఇదే. కుంగుడు బండి చెప్పే మాట. ఆ మాట వినపడకుండా చేస్తున్నాం.

ట్రాలీ సంగతి ఇంకా నాజూకు. దాని మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హుక్కు మీద పడాలి. టన్ను ట్రాలీ అయితే 100 నుంచి 150 కిలోలు. అది కూడా పికప్ మోసే బరువులోకే వస్తుంది, కానీ ఎవరూ కలపరు. హుక్కేమో వెనక చక్రాలకు ఇంకా వెనకాల ఉంటుంది. అక్కడ బరువు ఎక్కువైతే తక్కెడలాగా ముందు చక్రాలు తేలికైపోయి స్టీరింగ్ పట్టు తప్పుతుంది. పోనీ అని దేగులన్నీ ట్రాలీ తోక మీద పెడితే హుక్కు మీద బరువే ఉండదు, ట్రాలీ పాములాగా ఊగుతుంది. ఊగినప్పుడు గాబరాపడి బండి బ్రేకు గట్టిగా తొక్కొద్దు. కాలు మెల్లగా ఎత్తాలి, స్టీరింగ్ తిప్పకుండా పట్టుకోవాలి. ఇక స్పీడు రెట్టింపైతే బ్రేకు పడ్డాక బండి ఆగే దూరం నాలుగింతలు. బ్రేకుల్లేని ట్రాలీ వెనక నుంచి తోస్తుంటే ఇంకా ఎక్కువ. పాలేరు దగ్గర ఎదురుగా గ్రానైట్ లారీ వస్తుంటే ఈ లెక్క వేసుకునే టైమ్ ఉండదు.

కానూన్ సంగతి త్వరగా చెప్తా. కంపెనీ లెక్కకు భిన్నంగా బండిని మార్చొద్దని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటుంది. 2019 సవరణ ప్రకారం ఒక్కో మార్పుకు 5,000 జుర్మానా, ఆరు నెలల దాకా ఖైదు కూడా పడొచ్చు. ట్రాలీకి విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి. వీటికంటే నన్ను భయపెట్టేది ఇంకొకటి. సరుకు బండిలో సరుకు యజమానో, ఆయన తరఫు మనిషో కాకుండా ఊరికే ఎక్కినవాళ్లకు ఇన్సూరెన్స్ కంపెనీ జిమ్మేదార్ కాదని సుప్రీంకోర్టు 2002 డిసెంబర్‌లోనే చెప్పింది. అంటే ట్రాలీలో కూర్చోబెట్టిన ఖాలాకు ఏమన్నా అయితే, ఆ పరిహారం భాంజా ఇల్లమ్మి కట్టాల్సి రావొచ్చు. 2018 జూన్‌లో వలిగొండ మండలం వేములకొండ దగ్గర కూలీల ట్రాక్టర్ ట్రాలీ మూసీ కాలువలో పడి 15 మంది చనిపోయారు. దాదాపు అందరూ ఆడవాళ్లే. మన పక్కనా సాగర్ ఎడమ కాలువ ఉంది.

డ్రైవర్లనే అంటే నాఇన్సాఫీ అవుతుంది. దావత్‌కు వెయ్యి మందిని పిలుస్తాం, బిర్యానీలో జాఫ్రాన్ తగ్గితే ఇజ్జత్ పోతుందంటాం, బండి కిరాయి దగ్గర మాత్రం "రెండో ట్రిప్పు ఎందుకు భాయ్, ఇందులోనే సర్దు" అంటాం. ఆ పిల్లోడు కాదంటే ఇంకో బండిని పిలుస్తాం. వాడికి నెలనెలా ఫైనాన్స్ కిస్తీ ఉంది, ఎట్లా కాదంటాడు? రెండో ట్రిప్పు పైసలు మనం ఇస్తే సగం పట్టీలు వాటంతటవే ఊడతాయి.

భాంజాకు ట్రాలీ వద్దనలేదు. బండిని సామానుతో ఒకసారి ధర్మకాంటా ఎక్కించి, రసీదు, ఆర్సీ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడమన్నా. కొనేదేదో సొంత బ్రేకులు, వెనక లైట్లు, సేఫ్టీ చైను, కాగితాలు ఉన్న ట్రాలీ కొనమన్నా. అందులో గిన్నెలు, పరుపులు, షామియానా పెట్టుకోమన్నా. మనుషులకు ఆర్టీసీ వాళ్లు బస్సు కిరాయికిస్తారు, ఖమ్మం డిపోలో అడగమన్నా. ముఖం ముడుచుకున్నాడు. అయినా కాంటాకు పోయాడు. ఆ రసీదు మా ఆపాకు చూపించాడంట, నాకింకా చూపించలేదు.