తుపాకీ లైసెన్సు ఎవరింట్లో ఉంది?

అట్రాసిటీ చట్టం మీద రాస్తున్న ఈ వరుసలో ఈసారి మనవాళ్లు కూడా పెద్దగా పట్టించుకోని ఒక నిబంధన గురించి.

మొన్న క్లాసులో ఒక పిల్లోడు అడిగాడు: "సార్, అమెరికాలో సగానికి పైగా రాష్ట్రాల్లో పర్మిట్ లేకుండానే పిస్టల్ పెట్టుకుని తిరగొచ్చంట. మనకెందుకు లేదు ఆ హక్కు?" అడగాల్సిన ప్రశ్నే. కానీ ఆ 'మనకు'లో ఎవరెవరున్నారు?

1878లో బ్రిటిషోళ్లు తెచ్చిన ఆయుధాల చట్టంలో భారతీయుడికి లైసెన్సు కావాలి, యూరోపియన్‌కు అక్కర్లేదు. 1959 చట్టంలో ఆ తేడా పోయింది. ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించకూడదని 14వ సెక్షన్‌లో రాశారు కూడా. అయితే దాని పైనున్న 13వ సెక్షన్ చూడండి. పంట కాపలాకు మందు కూరే తుపాకీ అడిగితే, అవసరం నిజమని తేలితే ఇవ్వాలంటుంది. ఎవరి పంట? పలమనేరు చుట్టూ కౌండిన్య అడవి అంచున అడవి పందులు పొలాల మీద పడుతుంటాయి. రాత్రుళ్లు కాపలా ఉండేది చాలాచోట్ల మనోడే. భూమి ఇంకొకరిది. భూమి లేనోడు ఏ పంట పేరు చెప్పి అర్జీ పెట్టుకోవాలి? చట్టంలో కులం మాట ఎక్కడా లేదు. భూమి ఆ పని చేసిపెడుతుంది.

అమెరికా కథా ఇంతే. 1865లో బానిసత్వం పోగానే మిసిసిపీ రాష్ట్రం, నల్లవాళ్లు లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకోకూడదని చట్టం చేసింది. 1967లో బ్లాక్ పాంథర్లు తుపాకులతో వీధుల్లోకి రాగానే కాలిఫోర్నియా, జనంలో నిండు తుపాకీతో తిరగడాన్ని నిషేధించింది. 1972లో ముంబైలో మనవాళ్లు దళిత్ పాంథర్స్ అని పేరు పెట్టుకున్నది ఆ పాంథర్లను చూసే.

ఇక అసలు సంగతి. అట్రాసిటీ చట్టం కింద 1995లో చేసిన నిబంధనల్లో మూడోది చదవండి. దాడులు జరిగే ప్రమాదం ఉన్న ప్రాంతాలను ప్రభుత్వం గుర్తించాలి. అవసరమనుకుంటే అక్కడి దళితేతరుల ఆయుధ లైసెన్సులు రద్దు చేసి, ఆ ఆయుధాలను ప్రభుత్వ ఆయుధాగారంలో పెట్టించాలి. అక్రమ ఆయుధాలు పట్టుకోవాలి. అవసరమైతే ఎస్సీ, ఎస్టీలకు లైసెన్సులు ఇవ్వాలి. ఇది ఎవరి నినాదమో కాదు, భారత ప్రభుత్వ గెజిట్‌లోని మాట.

అయితే తుపాకులు అడుగుదామా? నా మాట సూటిగా చెబుతాను. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురిని, 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమందిని చంపింది గొడ్డళ్లతో, బరిసెలతో, కత్తులతో. ఊరంతా కట్టగట్టుకుని వస్తే ఒక్క పిస్టల్ ఎంతసేపు నిలబడుతుంది? చుండూరులో పోలీసులు ఉండగానే జరిగింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. అట్లాంటి వ్యవస్థలో మన చేతిలో తుపాకీ కనబడితే మొదటి కేసు ఎవరి మీద పడుతుందో మీకు చెప్పక్కర్లేదు. లైసెన్సు లేకుంటే కనీసం రెండేళ్ల జైలు.

అందుకే నా డిమాండ్ ఆ నిబంధనలోని వరుసే. ముందు వాళ్ల చేతిలోంచి తీయండి. ఎన్నికలప్పుడు లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్‌లో జమ చేయించుకునే యంత్రాంగానికి, మన పేటల మీద దాడి జరిగేట్టున్నప్పుడు ఆ పని చేతకాదా? ఓటు పెట్టెకున్న రక్షణ ఓటు వేసే మనిషికి ఎందుకు లేదు? ఆ తర్వాత, ప్రాణభయం ఉందని దళితుడు అర్జీ పెడితే అందరిలాగే పరిశీలించాలి. అది సమానత్వం, అంతే.

విద్యార్థి మిత్రులకు ఒక పని. మీ మీ జిల్లాల్లో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మూడు ప్రశ్నలు చాలు. జిల్లాలో ఆయుధ లైసెన్సులు ఎన్ని, అందులో ఎస్సీ, ఎస్టీలవి ఎన్ని? మూడో నిబంధన కింద ఇప్పటిదాకా రద్దు చేసినవి ఎన్ని? అదే నిబంధన కింద మనవాళ్లకు ఇచ్చినవి ఎన్ని? వచ్చిన జవాబు పట్టుకుని జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ ముందుకు వెళ్లండి. మూడు నెలలకోసారి కూర్చోవాల్సిన కమిటీ అది. కూర్చోకపోతే, ఎందుకు కూర్చోలేదన్నదే మీ నాలుగో ప్రశ్న.

జై భీమ్.