మా అత్తమ్మ మూడు భాషలు

మా అత్తమ్మ బడికి పోలేదు. సంతకం మటుకు పెడుతుంది, అదీ మా ఆడపడుచు నేర్పిందే. నల్లగొండ దగ్గర పల్లె నుంచి పెళ్ళయి సికింద్రాబాద్ వచ్చింది. వచ్చిన నాలుగేళ్ళకల్లా మోండా మార్కెట్‌లో హిందీలో బేరమాడేదట. పక్క వాటాలో అరవవాళ్ళు ఉండేవాళ్ళు (కంటోన్మెంట్ వైపు మా దగ్గర వాళ్ళు ఎక్కువే), ఆ పాటి దగ్గర సాంబారు పొడితో పాటు తమిళం కూడా పట్టుకొచ్చింది. బీఏ తెలుగు చదివిన కోడల్ని నేను. పెళ్ళయిన కొత్తలో వంకాయల వాడితో హిందీ మాట్లాడలేక నీళ్ళు నములుతుంటే ఎంత నవ్విందో!

ఇప్పుడు ఆవిడకి డెబ్బై మూడు. రెండు మూడేళ్ళుగా మరుపు. పొయ్యి మీద పాలు అందరిళ్ళలోనూ పొంగుతాయి, దాన్ని నేను లెక్కపెట్టలేదు. దేవుడి దగ్గర దీపం పెట్టి వచ్చి, కాసేపటికి మళ్ళీ అగ్గిపెట్టె వెతుక్కుంటూ వెళ్ళేది. చిన్నకొడుకుని పట్టుకుని చనిపోయిన తమ్ముడి పేరుతో పిలిచేది. "డెబ్బై దాటాయి కదా, మామూలే" అన్నారు అందరూ. నేనూ అన్నాను. అలా అనుకుంటూ ఏడాదిన్నర పోగొట్టుకున్నాం.

చివరికి ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళాం. పేరు ఎందుకులెండి. చిన్న వయసు డాక్టరు, ఇంగ్లీషు కాగితం ముందు పెట్టుకుని హిందీలో అడుగుతున్నాడు. ఇది ఏ నెల అన్నాడు. "ఆషాఢం" అంది. నిజంగా ఆషాఢమే! మా వీధిలో బోనాల తొట్టెల కోసం చందాలు వసూలు చేస్తున్నారు. ఆయన కాగితం మీద తప్పు పెట్టాడు. వందలోంచి ఏడేడు తీసేస్తూ పొమ్మన్నాడు. పెన్సిలిచ్చి ఐదు మూలల బొమ్మలు రెండు ఒకదాన్నొకటి తాకేలా గీయమన్నాడు. అత్తమ్మ పెన్సిల్ని గరిటె పట్టుకున్నట్టు పట్టుకుని, "చుక్కలు పెట్టియ్యి బిడ్డా, కలుపుతా" అంది. నేనేదో చెప్పబోతే నన్ను మాట్లాడొద్దన్నాడు.

ఆవిడకి జబ్బు లేదని నేననడం లేదు. ఉంది, తర్వాత తేలింది. ఆ కాగితం మీద పడిన సున్నాల్లో జబ్బువి ఎన్ని, బడికి పోకపోవడానివి ఎన్ని అన్నదే నా బాధ. అది తెలియకుండా మందెలా రాస్తారు, రేపు పెరిగిందో తగ్గిందో ఎలా చెబుతారు?

ఇంటికొచ్చాక అక్కడా ఇక్కడా చదవడం మొదలుపెట్టాను. అలా డాక్టర్ సువర్ణ అల్లాడి గారి పని గురించి తెలిసింది. పంజాగుట్ట నిమ్స్‌లో న్యూరాలజిస్టుగా చేసి, ఇప్పుడు బెంగళూరు నిమ్హాన్స్‌లో ప్రొఫెసర్‌గా ఉన్నారు. కేంబ్రిడ్జిలో జాన్ హాడ్జెస్ లాంటి వాళ్ళతో మతిమరుపు జబ్బుల మీద పనిచేసిన మనిషి. 2013లో 'న్యూరాలజీ' అనే పత్రికలో ఆవిడ బృందం రాసిన వ్యాసం ప్రపంచమంతా మాట్లాడుకున్నారు. అందులో ఉన్నది మన హైదరాబాదు వాళ్ళే. నిమ్స్‌కి వచ్చిన 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు తీసి చూశారు. వాళ్ళలో 391 మందికి రెండో అంతకంటే ఎక్కువో భాషలు వచ్చు. ఒకే భాష వచ్చిన వాళ్ళ కంటే వీళ్ళకి జబ్బు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైంది.

ఇలాంటి మాట అంతకుముందు 2007లో టొరంటోలో ఎలెన్ బియాలిస్టాక్ గారు చెప్పారు, 184 మందిని చూసి. దానికి ఒక సందేహం అడ్డొచ్చింది. అక్కడ రెండు భాషలు వచ్చినవాళ్ళు ఎక్కువమంది వేరే దేశాల నుంచి వలసొచ్చిన వాళ్ళు. ఆలస్యానికి కారణం భాషా, తిండా, దేశాలు దాటొచ్చిన వాళ్ళ గట్టిదనమా? ఎలా విడదీస్తారు? మన ఊళ్ళో ఆ చిక్కు లేదు. ఇక్కడ తెలుగు, ఉర్దూ, హిందీ రావడానికి సముద్రాలు దాటక్కర్లేదు, గుమ్మం దాటితే చాలు. చదువు వల్లేమో అన్న అనుమానానికీ ఇక్కడే జవాబు దొరికింది. అసలు బడికి పోని వాళ్ళని విడిగా తీసి చూస్తే, వాళ్ళలోనూ తేడా కనిపించింది, అదీ ఆరేళ్ళ దాకా. మూడో భాష వస్తే అదనంగా లాభమేమీ కనబడలేదట. పాపం, అత్తమ్మ తమిళం లెక్కలోకి రాలేదన్న మాట!

ఇది చదివి "రెండు భాషలు వస్తే మతిమరుపు రాదు" అని వాట్సాప్‌లో పంపేయకండి. రాదని ఎవరూ అనలేదు, ఆలస్యంగా మొదలైందన్నారు. మనుషుల్ని ఏళ్ళ తరబడి వెంబడించి చూసిన కొన్ని అధ్యయనాల్లో ఆ తేడా కనిపించలేదు కూడా. పైగా 648 మంది సగటు మా అత్తమ్మ జాతకం కాదు. హిందీ రాకపోతే ఆవిడకి అరవై ఆరుకే మొదలయ్యేదా? ఎవరు చెప్పగలరు?

నాకు ఆ నాలుగున్నరేళ్ళ కంటే ఇంకో సంగతి నచ్చింది. ఆవిడ, ఆవిడతో పనిచేసిన వాళ్ళు పరీక్షల్ని మన భాషల్లోకి తేవడానికి ఏళ్ళు ఖర్చుపెట్టారు. భారత వైద్య పరిశోధన మండలి తరఫున హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడం, మలయాళం, ఈ ఐదు భాషల్లో ఒకే కొలతతో జ్ఞాపకశక్తి పరీక్షలు తయారయ్యాయి. తెలుగులోకి తేవడమంటే నిఘంటువు పెట్టుకుని మాటలు మార్చడం కాదు. ఇంగ్లీషు కథలో ఉన్న మనిషికి, ఊరికి, వస్తువుకి మన దగ్గర అంతే తెలిసిన మనిషీ, ఊరూ, వస్తువూ వెతకాలి. చదువురాని వాళ్ళకి వేరే కొలత పెట్టాలి. కొత్త మందు కనిపెడితే పేపర్లో మొదటి పేజీలో వేస్తారు. ఈ పనికి ఎవరు వేస్తారు చెప్పండి? మన దేశంలో అరవై దాటిన వాళ్ళలో సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని అంచనా, అందులోనూ మగవాళ్ళలో కంటే ఆడవాళ్ళలో ఎక్కువ. ఆ తరం ఆడవాళ్ళలో బడి ముఖం చూసినవాళ్ళు ఎంతమంది? వాళ్ళ చేతికి పెన్సిలిచ్చి బొమ్మ గీయమనడం పరీక్షా?

ఇక్కడ మా చెల్లెలి కొడుకు గురించి కూడా చెప్పాలి. వాడికి నాలుగేళ్ళు. మాటలు రాలేదు. ప్లేస్కూల్లో "ఇంట్లో ఇంగ్లీషొక్కటే మాట్లాడండి, రెండు భాషలైతే తికమకపడతాడు" అన్నారు. చెల్లెలు ఆరునెలలు అలాగే చేసింది. తనకొచ్చిన ఇంగ్లీషే అంతంతమాత్రం. ఇక మా అమ్మకి అస్సలు రాదు. మనవడికి అన్నం పెడుతూ ఒక్క మాట మాట్లాడకుండా ముద్దలు కలిపి పెట్టేది. చందమామ లేదు, ఏనుగు లేదు. ఆ ఆరునెలలు తలుచుకుంటే అమ్మ ఇప్పటికీ కళ్ళు తుడుచుకుంటుంది. తర్వాత ఆటిజం అని తెలిసింది. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం ఉన్న పిల్లలు వెనకబడిపోతారని కెనడాలోనూ, ఇంకొన్ని చోట్లా చేసిన అధ్యయనాల్లో ఎక్కడా తేలలేదు. ఈ మాట ఆ రోజు మా చెల్లెలికి ఎవరైనా చెప్పి ఉంటే! తల్లి ఫోన్ చూపించబట్టే ఇలా అయిందని అన్నవాళ్ళు మాత్రం పదిమంది దాకా ఉన్నారు. అదీ నిజం కాదు.

బోయినపల్లి దగ్గర మనోవికాస్ నగర్‌లో మానసిక వైకల్యం ఉన్నవాళ్ళ కోసం జాతీయ సంస్థ 1984 నుంచి ఉంది. నేను ఎన్నేళ్ళు ఆ దారిన బస్సులో వెళ్ళానో, ఆ గేటు లోపల ఏం జరుగుతుందో ఒక్కనాడూ అడగలేదు. రీటా పెషావరియా, వెంకటేశన్ గార్లు 1992లో మన పిల్లల కోసం ఒక కొలబద్ద తయారుచేసింది అక్కడే. అదీ అత్తమ్మ పరీక్ష లాంటి కథే. పిల్లవాడు తినడం, బట్టలు వేసుకోవడం, డబ్బు గుర్తుపట్టడం ఎంతవరకు వచ్చో మన ఇళ్ళ పద్ధతిలో చూడాలన్నది అందులో సంగతి.

చెల్లెలికి నేను చెప్పింది ఒక్కటే. థెరపీకి తీసుకెళ్ళు, ఆపకు. ఇంట్లో మటుకు అమ్మని మాట్లాడనివ్వు. మీ ఇంట్లో కూడా ఎవరైనా "తెలుగు మానేయండి" అంటే, ఆ మాట ఎక్కడ చదివారో ఒకసారి అడగండి. ఊరికే ఒప్పుకోకండి.

అత్తమ్మని ఈసారి ఇంకో చోటికి తీసుకెళ్ళాం. తెలుగమ్మాయి కూర్చుని, "అమ్మా, ఒక్క నిమిషంలో మీకు తెలిసిన కూరగాయలన్నీ చెప్పండి" అంది. అత్తమ్మ సర్దుకుని కూర్చుంది. "సొరకాయ, బీరకాయ, భిండీ, కద్దూ, కత్తరికాయ..." మూడు భాషలూ కలిపేస్తోంది, మోండా మార్కెట్‌లో వరసగా బండ్ల ముందు నడుస్తున్నట్టు. ఆరో పేరు దగ్గర ఆగిపోయింది. వెతుక్కుంది. నా వైపు చూసింది. నేను నోరు మూసుకుని కూర్చున్నాను. కాసేపటికి ఆ అమ్మాయి వైపు తిరిగి, "ధర కూడా చెప్పాల్నా బిడ్డా?" అంది.