కంప్యూటర్ వ్యవస్థలు – విస్తరణ సిబ్బంది పనితీరు: కొలత ఎక్కడ తప్పుతోంది?

ఖరీఫ్‌లో జూలై నుండి సెప్టెంబరు వరకు పెనుకొండ ప్రాంతంలో గ్రామ వ్యవసాయ సహాయకుని పనిదినాన్ని గమనిస్తే, రెండు బాధ్యతలు ఒకే సమయం కోసం పోటీ పడుతూ కనిపిస్తాయి. మొదటిది ఈ-పంట నమోదు. సర్వే నంబరు వారీగా పొలానికి వెళ్లి, పంట, విస్తీర్ణం, విత్తిన తేదీ వంటి వివరాలను యాప్‌లో చేర్చి, ఫోటో తీసి, ఆ తరువాత రైతు చేత ఈ-కేవైసీ పూర్తి చేయించాలి. రెండవది సాగు సలహా. వేరుశనగ పూతకు వచ్చే వేళ ఎకరాకు 200 కిలోల జిప్సం వేయించి మట్టి ఎగదోయించాలి. ఆకుమచ్చ తెగులు తొలి మచ్చలు కనబడగానే మందు చెప్పాలి. మొదటి పనికి శాతాల లెక్క ఉన్నది. రెండవదానికి అటువంటి లెక్క లేదు. లెక్క ఉన్న పనివైపే మనిషి మొగ్గుతాడు; అది సహాయకుని దోషం కాదు.

2019 అక్టోబరు 2న ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ సచివాలయాలు, 2020 మే 30న రైతు భరోసా కేంద్రాలు ప్రారంభమైనవి. నేడు రైతు సేవా కేంద్రాలుగా పిలుస్తున్న ఈ వ్యవస్థ వలన గ్రామస్థాయి విస్తరణ సిబ్బంది చేతికి ట్యాబ్, యాప్, రకరకాల లాగిన్‌లు వచ్చినవి. ఈ సాధనాల వలన ఒక్కొక్క ఉద్యోగి పనితీరు ఎంత మెరుగుపడినది, లేక ఎంత కుంటుపడినది అన్న ప్రశ్నకు నమోదు శాతం చెప్పే సమాధానం చాలదు.

ఈ ప్రశ్న కొత్తది కాదు. సమాచార వ్యవస్థల విజయాన్ని అంచనా వేయడానికి డిలోన్, మెక్లీన్ 1992లో ప్రతిపాదించిన నమూనాలో వ్యవస్థ నాణ్యత, సమాచార నాణ్యత, వినియోగం, వినియోగదారుని సంతృప్తి, వ్యక్తిపై ప్రభావం, సంస్థపై ప్రభావం అనే ఆరు అంశాలున్నవి. వీటిలో వినియోగాన్ని కొలవడం అన్నిటికన్నా తేలిక, ఎందుకంటే ఆ లెక్కను యంత్రమే ఇస్తుంది. అయితే వాడక తప్పని చోట వాడకం విజయానికి గుర్తు కాజాలదని 1997లో సెడాన్ విమర్శించారు. ఈ-పంటకు ఈ విమర్శ అక్షరాలా వర్తిస్తుంది. బీమా, పెట్టుబడి రాయితీ, పంట కొనుగోలు వంటివన్నీ ఆ నమోదుతో ముడిపడి ఉండగా, దానిని వాడకపోయే అవకాశం సహాయకునికీ లేదు, రైతుకూ లేదు.

1995లో గుడ్‌హ్యూ, థాంప్సన్ మరొక కోణం చూపారు. సాధనం ఎంత గొప్పదైనా చేయవలసిన పనికి అమరకపోతే పనితీరు పెరగదని వారి వాదన. ధర్మవరం పట్టుచీరల నేతలో ఈ అమరిక స్పష్టంగా కనిపిస్తుంది. గ్రాఫు కాగితంపై గడి గడికీ రంగు నింపి బుటా, అంచు నమూనాలు గీసే పనిని కంప్యూటర్ అందుకొన్నప్పుడు, ఆ పనికీ ఆ సాధనానికీ పొంతన కుదిరినది. గడుల లెక్కే పని, గడుల లెక్కే యంత్రం స్వభావం. ఒక నమూనా తయారీకి పట్టే కాలాన్ని ముందూ వెనుకా పోల్చి చూస్తే చాలు, ప్రభావం తేలిపోతుంది. మగ్గం మీద కూర్చున్న నేతగాని కూలి మారినదా అన్నది వేరే ప్రశ్న. దానికి వేరే కొలత కావాలి.

విస్తరణ పని గడులలో ఇమిడేది కాదు. హిందూపురం పరిసరాలలో మల్బరీ సాగు చేసి పట్టుపురుగులు పెంచే రైతును తీసుకొంటే, చాకీ పురుగులు తెచ్చుకొన్న నాటి నుండి గూడు కట్టే వరకు ఆయన చేతిలో ఉండేది సుమారు మూడు వారాలే. ఊజీ ఈగ గాని, తేమ ఎక్కువై వచ్చే రోగం గాని కనిపించిన నాడే సలహా అందాలి. మూడు రోజులు ఆలస్యమైతే ఆ పంట అంతటితో సరి. ఇక్కడ పట్టు సహాయకుని పనితీరుకు సరైన కొలమానం సమస్య తెలిసిన క్షణానికీ సలహా అందిన క్షణానికీ మధ్య గడిచిన గంటలు. ఫోన్‌లో పంపిన ఒక ఫోటో ఈ వ్యవధిని ఎంతో తగ్గించగలదు. అంటే కంప్యూటర్ వ్యవస్థ మేలు చేసే చోటు కూడా ఇదే. అయినా ఆ మేలు ఏ నివేదికలోనూ కనబడదు.

విద్యార్థుల సిద్ధాంత గ్రంథాలలో సాధారణంగా కనిపించే పద్ధతి ఐదు మెట్ల అభిప్రాయ ప్రశ్నావళి. 1999లో టోర్క్‌జాదే, డాల్ రూపొందించిన పన్నెండు ప్రశ్నల సాధనం ఇందుకు మంచి ఆధారమే: ఉత్పాదకత, కొత్త ఆలోచనలు, సేవ పొందేవారి సంతృప్తి, నియంత్రణ అనే నాలుగు కోణాలను అది పరిశీలిస్తుంది. కానీ అది కొలిచేది ఉద్యోగి అనుకొన్న ప్రభావాన్ని. యాప్ వలన పని సులువైనదా అని శాఖ తరఫున వచ్చినట్లు కనిపించే వ్యక్తి అడిగితే, కాదని చెప్పే సహాయకులు అరుదు. పైగా ప్రశ్నావళి నింపించేది తరచుగా నమోదు రద్దీ ముగిసిన తరువాత, తీరిక దొరికిన నెలలలో. ఆగస్టు ఎండలో సర్వర్ కోసం గట్టు మీద నిలబడిన గంట జనవరి నాటికి మనసులో చిన్నదైపోతుంది.

కనుక అభిప్రాయంతో పాటు మరి కొన్నిటిని సేకరించాలి. ఖరీఫ్‌లో ఎంపిక చేసిన వారాలలో సహాయకుని కాలాన్ని అరగంటల వారీగా నమోదు చేయడం అన్నిటికన్నా ముఖ్యం; ఎంత సేపు పొలంలో, ఎంత సేపు తెర ముందు, అందులో ఎంత సేపు సిగ్నల్ కోసం, అరిగిన వేలిముద్ర పడని రైతును మళ్లీ పిలిపించడం కోసం అన్నది విడివిడిగా తేలాలి. నమోదైన సర్వే నంబర్లలో కొన్నిటిని యాదృచ్ఛికంగా ఎంచుకొని పొలంలో ఉన్న పంటతో సరిచూడాలి. వేగం పెరిగి నాణ్యత తగ్గితే దానిని పనితీరు అనలేము. ఇక రైతును అడగవలసినది సంతృప్తి గురించి కాదు. జిప్సం మాట ఎవరు చెప్పారు, పూతకు ముందా తరువాతా, వేశారా లేదా అని అడగాలి.

ఇది సిబ్బందిపై మరొక నిఘా అవుతుందన్న అభ్యంతరంలో నిజమున్నది. కాల నమోదు వివరాలు పై అధికారికి చేరితే రెండవ వారం నుండి అవి అబద్ధాలవుతాయి. శిక్షణ–సందర్శన పద్ధతి కాలంలో పక్షానికొకసారి సందర్శనల లెక్క డైరీలలో నిండుగా ఉండేది. పొలంలో జరిగినది ఆ డైరీని చూసి చెప్పడం కష్టం. అందుచేత ఈ సేకరణ శాఖ చేతిలో కాక విశ్వవిద్యాలయం చేతిలో, పేర్లు లేకుండా జరగాలి.

ఈ-పంటను తీసివేయాలని ఎవరూ కోరడం లేదు. సుమారు 550 మిల్లీమీటర్ల వాన మీద వేరుశనగ వేసే కౌలుదారుకు, పంట ఎండిన ఏడాది ఆ నమోదు ఎంతో విలువైనది. ఆ విలువ రైతుకు దక్కుతుండగా, దాని ఖరీదును సహాయకుడు ఎన్ని పొలాల సలహా రూపంలో చెల్లిస్తున్నాడన్నదే తేలవలసినది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మండలాలలో నాలుగైదు కేంద్రాల చొప్పున తీసుకొంటే ఒక స్నాతకోత్తర విద్యార్థి ఒక ఖరీఫ్‌లో ఈ లెక్క తేల్చగలడు. అయితే కాల నమోదు జూన్‌లోనే, నమోదు రద్దీ మొదలుకాక ముందే ఆరంభం కావాలి. లేకుంటే పోల్చడానికి మామూలు వారం ఒక్కటీ మిగలదు.