బంపర్‌కీ బంపర్‌కీ మధ్య ఏముంటుంది?

కారు ఇంజన్‌లోకి నీళ్ళు పోతే తప్పెవరిది? వరుణుడిదా? నాలాల మీద మేడలు లేపినవాళ్ళదా? కాదుట. తాళం తిప్పినవాడిదిట!

మొన్న వానాకాలంలో నాకు తెలిసొచ్చింది లెండి. ఆఫీసు నుంచి వస్తుంటే మోకాలి లోతు నీళ్ళలో బండి ఆగిపోయింది. వెనకాల ఒకటే హారన్లు. ఎవరైనా ఏం చేస్తారు? మళ్ళీ స్టార్ట్ చేస్తారు. నేనూ చేశా. సర్వీస్ సెంటర్ వాళ్ళ ఎస్టిమేటు లక్షా ఎనభై వేలు. సర్వేయర్ గారు వచ్చి చూసి, "కాన్సీక్వెన్షియల్ డామేజ్ సార్, క్లెయిమ్ రాదు" అని చల్లగా చెప్పి వెళ్ళారు.

ఆయన వాదన ఏమిటంటే, పిస్టన్ గాలిని నొక్కగలదు గానీ నీటిని నొక్కలేదు. సిలిండర్‌లో నీళ్ళుండగా స్టార్టర్ తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. దాన్నే హైడ్రోస్టాటిక్ లాక్ అంటారు. కాబట్టి వంచింది వరద కాదు, నేను.

బావుంది. మరి ఇంజన్ నడుస్తుండగానే నీళ్ళు పీల్చుకుంటేనో? నిమిషానికి రెండు వేల సార్లు తిరుగుతున్నది ఒక్కసారిగా బిగుసుకుపోతే పడే దెబ్బ, చిన్న స్టార్టర్ మోటార్ కొట్టే దెబ్బ కన్నా చాలా పెద్దది. అసలు బండి ఆగిందే అందుకేమో! రాడ్ ఏ క్షణంలో వంగిందో సర్వేయర్ గారికి ఎలా తెలిసింది? రాడ్ మీద టైమ్ స్టాంప్ ఉండదు కదా :)

పాలసీ తీసి చూడండి. వరద, తుఫాను కవర్ అవుతాయని ఒకచోట ఉంటుంది. కాన్సీక్వెన్షియల్ లాస్ కవర్ కాదని ఇంకోచోట ఉంటుంది. అంటే సీట్లు తడిస్తే డబ్బులిస్తారు, ఇంజన్ పోతే ఇవ్వరు. దానికి ఇంజన్ ప్రొటెక్ట్ అని విడిగా కొనుక్కోవాలిట. నాకు అమ్మినాయన మాత్రం "బంపర్ టు బంపర్ సార్" అన్నాడు. ఆ రెండు బంపర్ల మధ్య ఉండేది ఇంజన్ కాదా మరి?

"చదవకుండా సంతకం పెట్టింది నువ్వేగా" అంటాడు మా టీమ్ లీడ్. నిజమే. ఐ అగ్రీ నొక్కడం మనకు వెన్నతో పెట్టిన విద్య. కానీ 2015లో చెన్నై, 2020లో హైదరాబాద్, 2024లో విజయవాడ మునిగాక కూడా, ఇంజన్‌లోకి నీళ్ళు పోవడం ఎక్స్‌ట్రా టిక్కు పెట్టుకోవాల్సిన విడ్డూరమా?

మీ బండి నీళ్ళలో ఆగితే మాత్రం తాళం ముట్టుకోకండి. హారన్లు కొట్టుకోనివ్వండి. వీడియో తీసి, తోయించుకుని, టోయింగ్ వాడిని పిలవండి.

రాడ్ స్టార్ట్ చేసినప్పుడే వంగిందనడానికి ఆధారమేమిటో రాసివ్వమని కంపెనీకి ఫిర్యాదు పెట్టా. నెలలో జవాబు రాకపోతే బీమా లోక్‌పాల్ దగ్గరికి పోతా. ఈలోగా షేర్ ఆటోలే గతి.